విలియం కేరీగారును వారి చిన్న పువ్వును

పామిడిలో నివసించు మనకు నీటి విలువను వేరొకరు బోధింపనక్కరలేదు. వేసవికాలమున పెన్నానది ఇసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని కొంచెముకొంచెముగా తోడి బిందె నింపుకొనుట మనలో అనేకులు చిన్ననాటినుండి యెరిగిన పనియే. మన అనంతపుర మండలమున సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే; అదియును కాలమునకు రాదు. ఇట్టి చోట పాఠశాల తోటలో ఒక పూలమొక్కను బ్రతికించుటకై విద్యార్థులు పడు శ్రమను నేను ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. జల్లిన విత్తనములలో పది తల యెత్తును. ఎండకు అయిదు వాడును. చీమలకును కోళ్లకును నాలుగు పోవును. తుదకు ఒకటి మిగులును. ఆ యొక్కదాని చుట్టును పిల్లలు చేరి కూర్చుండగా చూచినప్పుడెల్ల నాకొక మహనీయుడు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన నలువది భాషలకు చేరువగా వేదగ్రంథమును ముద్రింపజేసిన సంస్థకు మూలపురుషుడు. మన తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు. అయినను ఒక చిన్న గడ్డిపువ్వు మొలచినందుకు బాలునివలె సంతోషించినవాడు. ఆయనయే విలియం కేరీగారు. వారి చరిత్రమును మన విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాను.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన, ఇంగ్లాండు దేశమున నార్తాంప్టన్ మండలములోని పాలర్స్‌పరీ యను పల్లెలో జన్మించెను. తండ్రియైన ఎడ్మండు కేరీ మగ్గముపై ఉన్నిబట్ట నేసి జీవించువాడు. నేతపనివారి కష్టసుఖములు మన ప్రాంతపువారికి తెలియనివి కావు. బాలునకు ఆరేండ్లు వచ్చునప్పటికి తండ్రికి ఆ గ్రామమందలి బడిపంతులు పని లభించెను. అందుచేత ఇంట ధనము లేకున్నను పుస్తకములు కొన్ని యుండెను.

ఆ బాలునకు పుస్తకములకంటె మొక్కలయందు మక్కువ హెచ్చు. పీటర్ అను పినతండ్రి యొకడు కెనడా దేశమునుండి తిరిగివచ్చి తోటపని చేయుచుండెను. తీగ యెట్లు ప్రాకునో, కొమ్మ యెట్లంటునో, విత్తనమెట్లు నిలువయుండునో బాలుడు ఆయన వెంట తిరిగి నేర్చుకొనెను. తన గదిలో పురుగులను, పక్షులను, మొక్కలను చేర్చి వాని పెరుగుదలను కనిపెట్టుచుండెను. తోటమాలి కావలెనని యతని కోరిక. కాని ఎండ తగిలినచో చర్మమున పుండ్లు పుట్టు వ్యాధి యతనికుండెను. అందుచేత తలిదండ్రులు అతనిని నీడపట్టున చేయదగిన చెప్పులు కుట్టు పనిలో చేర్చిరి. ఎండ పొడ గిట్టని యా బాలుడే తరువాత నలువది సంవత్సరములు బంగాళపుటెండలో తోట పెంచుట విచారింపదగిన విషయము.

చెప్పులు కుట్టుచునే ఆయన లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను నేర్చెను. 1781లో డోరతీ ప్లాకెట్ అను నామెను వివాహమాడెను. తరువాత మోల్టన్ అను గ్రామమున బడి పెట్టి, పగలు పిల్లలకు చదువు చెప్పుచు, మిగిలిన వేళల చెప్పులు కుట్టుచు సంసారము నడపెను. భూగోళము బోధించుటకు గోళమును కొనలేక, తోలుముక్కలను కుట్టి తానే గోళమొకటి చేసికొనెను. ఉపకరణములు లేవని బోధన మానుకొను మాబోటి ఉపాధ్యాయులు ఈ సంగతిని మరువరాదు.

దూరదేశములకు సువార్త పంపవలెనని 1792లో ఆయన యొక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2వ తేదీన కెటరింగు పట్టణమున బాప్టిస్టు మిషనరీ సంఘము స్థాపింపబడెను. 1793 జూను 13వ తేదీన కేరీగారు కుటుంబముతో ఓడ యెక్కి, నవంబరు మాసమున కలకత్తా చేరెను. ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలకు అనుమతి నియ్యనందున డేనిషు ఓడలో రావలసివచ్చెను. అయిదు మాసములపాటు సముద్రముమీదనే గడచెను.

ఇచ్చట సత్యము నొకదానిని మరుగుపరచరాదు. భార్యయగు డోరతీ ఈ ప్రయాణమునకు మొదట సమ్మతింపలేదు. ఒడిలో పసిబిడ్డతో ఆమె తుదిగడియలో బయలుదేరెను. బంగాళమునకు వచ్చిన పిదప దారిద్ర్యము, జ్వరములు, పరాయి భాష ఆమెను చుట్టుముట్టెను. 1794లో పీటర్ అను అయిదేండ్ల కుమారుడు మరణించెను. ఆ దుఃఖముతో ఆమె మతి చలించి, 1807లో చనిపోవువరకును స్వస్థత పొందలేదు. కేరీగారి కీర్తిని చెప్పుకొనునప్పుడు ఆ తల్లి చెల్లించిన మూల్యమును కూడ చెప్పుకొనుట న్యాయము. గొప్పవారి చరిత్రములందు వారి యింటివారి కన్నీరు తరచుగా వ్రాయబడక మిగిలిపోవును.

ఆ కష్టకాలమున కేరీగారు మాల్దా ప్రాంతమునందలి మద్నాబతి యను చోట నీలిమందు కర్మాగారమునకు అధికారిగా నుండెను. అచ్చటినుండి స్వదేశమునకు వ్రాసిన ఉత్తరములలో ఆయన ధనమడుగలేదు. విత్తనములను, వ్యవసాయపు పనిముట్లను పంపుడని కోరెను, వానికి వెల నిత్తుననియు వ్రాసెను. పండ్లచెట్ల విత్తనములను పొడి యిసుకలో కలిపి పెట్టెలో పంపుడనెను. స్వదేశమందలి మిత్రునకు మరియొక యుపాయమును తెలిపెను: ఒక పిల్లవానికి దినమునకు ఒక పెన్నీ యిచ్చినచో, పొలములలో దొరకు కౌస్లిప్, వయొలెట్, డెయిజీ మొదలగు అడవిపువ్వుల విత్తనములను అతడు సులభముగా ఏరగలడనియు, మూడు మాసములకొక పెట్టె నిండుననియు వ్రాసెను. అచ్చటివారు కలుపుగా పీకి పారవేయు దురదగొండి జాతి మొక్కల విత్తనములైనను తనకు ప్రియమేయని తెలియజేసెను. ఊరు విడిచినవానికి ఊరి కలుపుమొక్కయు చుట్టమే కదా!

1800వ సంవత్సరము జనవరి మాసమున ఆయన డేనిషువారి యేలుబడిలోనున్న శ్రీరామపురమునకు మారెను. అచ్చట జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అనువారితో కలిసి ముద్రాలయమును స్థాపించి నడపెను. 1801నుండి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బంగాళీ, సంస్కృత, మరాఠీ భాషలను బోధించెను. మృత్యుంజయ విద్యాలంకారుడు మొదలగు పండితులు ఆయనకు గురువులును సహాయులును ఐరి. ఆ పండితుల విద్య లేకున్నచో శ్రీరామపురపు గ్రంథములు పుట్టియుండవు.

శ్రీరామపురమున ఆయన సుమారు అయిదు ఎకరముల తోటను వేసెను. లినేయసు పండితుడు ఏర్పరచిన వర్గక్రమము ననుసరించి మొక్కలను పాదులుగా నాటించెను. తెల్లవారకమునుపే తోటలో నడచుట, ధ్యానించుట, పిదప పనికి పోవుట ఆయన నియమము. తోటమాలులకు మొక్కల శాస్త్రనామములను కూడ నేర్పెను.

ఈ తోటలోనే మన కథకు మూలమైన సంగతి జరిగెను. యార్కుషైరు ప్రాంతమందలి వెంట్‌వర్తులో నున్న కూపర్ అను తోటమాలి ఒకప్పుడు ఆయనకు విత్తనముల సంచి నొకదానిని పంపెను. కేరీగారు విత్తనములన్నిటిని తీసి నాటించిన తరువాత, సంచి యడుగున మిగిలిన దుమ్మును కూడ వ్యర్థము చేయుటకు మనసొప్పక, నీడపట్టున నున్న మట్టిలో దానిని దులిపెను. కొన్ని దినములకు అచ్చటికి పోయి చూడగా చిన్న మొలక యొకటి కానవచ్చెను. అది ఇంగ్లాండు పచ్చికబయళ్లలోని డెయిజీ. స్వదేశము విడిచి ముప్పది యేండ్లకు చేరువగుచుండెను. ఆ పువ్వును మరల చూతునను ఆశ ఆయనకు లేదు. దానిని చూచినప్పుడు కలిగినంతటి స్వచ్ఛమైన ఆనందము తాను ఐరోపా విడిచినది మొదలు వేరొకప్పుడు పొందియుండనని ఆయన స్నేహితునకు వ్రాసెను. ఆ సంగతి విని షెఫీల్డు పట్టణపు కవియగు జేమ్సు మాంట్‌గోమరీ దానిపై పద్యము నొకటి రచించెను.

ఈ డెయిజీ యెట్టిదో మన పిల్లలు తెలిసికొనవలెను. దాని ఆకులు నేల నంటుకొని చక్రమువలె పరచుకొనును. నడుమనుండి బెత్తెడు కాడ లేచి, దాని కొనయందు ఒక్కటే పువ్వు పూయును. మధ్య పసుపు, చుట్టును తెల్లని రేకులు. సాయంకాలమునకు రేకులు ముడుచుకొని, ఉదయమున మరల విచ్చుకొనును. అందుచేతనే పగటి కన్ను అను నర్థమువచ్చు పేరు దానికి ఆంగ్లమున కలిగినది. మనము ఒక పువ్వని తలంచునది నిజమునకు అనేకములైన సూక్ష్మపుష్పముల గుంపు. మన చేమంతియు, బంతియు, పొద్దుతిరుగుడును, చేనుగట్లపై మొలచు గడ్డిచేమంతియు ఈ కుటుంబమునకు చెందినవే. కాబట్టి డెయిజీని చూడని బాలుడు గడ్డిచేమంతిని పరిశీలించిన చాలును.

డెయిజీ తడిని కోరు మొక్క. అట్లైన బంగాళమున దానికి కొదువ యేమియని కొందరడుగవచ్చును. అచ్చట మన చోటికంటె రెండు మూడు రెట్లు వాన కురియును. కాని తడి వేరు, చల్లదనము వేరు. చల్లని నేలలో నున్న తడి దానికి ప్రాణము. ఉడుకుచున్న నేలలో నిలిచిన తడి దానికి మృత్యువు. మొదట ఎండాకాలపు వేడి ఆకులను వాడ్చును. పిదప వానలు పట్టినప్పుడు బలహీనమైన వేళ్లు క్రుళ్లిపోవును. స్వదేశమున ఒక్క వేరు అనేక సంవత్సరములు బ్రతికియుండును. శ్రీరామపురమున ఆ వేరు తరువాతి వానకాలమును చూడలేదు. నీరు పోయుట మాత్రమే ప్రేమయని తలంచువారు ఈ సంగతిని గ్రహింతురు గాక. ఏ మొక్కకు ఎప్పుడు, ఎంత, ఎట్టి నేలలో నీరు కావలెనో తెలిసికొనుటయే సంరక్షణము.

వేరు నిలువదని తెలిసినప్పుడు కేరీగారు విత్తనమును ఆశ్రయించెను. బహువార్షికమైన మొక్కను ఏకవార్షికమైనదానివలె పెంచెను. ప్రతి సంవత్సరమును విత్తనమును దాచి, కాలమెరిగి మరల విత్తి, ఆ పువ్వు వంశమును నిలిపెను. ఇట్టి మొక్కను మన మైదానములలో పెంచు విధమిది. వానలు వెనుకపట్టి, గాలి చల్లబడిన తరువాత విత్తవలెను. నేలను మెత్తగా చేసి, ఆకుయెరువు కలిపి, ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నమున నీడ వచ్చు చోటును ఎన్నుకొనవలెను. విత్తనము మిక్కిలి సన్నము గనుక లోతుగా పాతరాదు. పైపై జల్లి అరచేతితో మెల్లగా అదిమిన చాలును. నీటిని ధారగా పోయక చిలుకరింపవలెను. చలికాలమున పువ్వులు పూసి రేకులు రాలిన తరువాత, తలలు ఎండువరకు ఓపికపట్టి, గాలికి చెదరకమునుపే కోసి, నీడన ఆరబెట్టి, తేమ తగులని చోట దాచవలెను. ఆ తరువాత ఎండాకాలమంతయు, వానకాలమంతయు ఆ పువ్వు ఒక చిటికెడు విత్తనముగా మాత్రమే మిగిలియుండును. ఒక్క సంవత్సరము ఏమరుపాటు కలిగినచో వంశము తెగిపోవును.

ఈ ఓర్పు కేరీగారి జీవితమంతటను కానవచ్చును. 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ సాయంకాలమున శ్రీరామపురపు ముద్రాలయమున అగ్ని రేగి, కాగితములను, అచ్చుదిమ్మలను, వ్రాతప్రతులను దహించెను. ఆ వ్రాతప్రతులలో ఆయన రచించిన తెలుగు వ్యాకరణము కూడ భస్మమయ్యెను. నాడు కలకత్తాలో నున్న ఆయనకు మరునాడుదయమున మార్ష్‌మన్ ఈ వార్త తెలిపెను. శ్రీరామపురమునకు వచ్చి బూడిదను చూచి ఆయన దుఃఖించెనే గాని, నడచిన త్రోవను రెండవసారి నడచుట తేలికయని తలంచి మరల కలము పట్టెను. కరిగిన లోహముతోనే క్రొత్త అక్షరములు పోతపోయబడెను. 1814లో తెలుగు వ్యాకరణము ప్రకటింపబడెను. ఆంగ్లభాషలో అచ్చుపడిన తెలుగు వ్యాకరణములలో అది మొట్టమొదటివానిలో నొకటి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ముద్రాలయమునుండియే వెలువడెను. భస్మమైన పొలమునుండి రెండవ పంటగా వచ్చినది మన భాష.

మన తెలుగుదేశముతో ఆయనకు మరియొక సంబంధము కూడ కలదు. విలియం రాక్స్‌బరో అను వృక్షశాస్త్రవేత్త 1781నుండి 1793వరకు మన సామర్లకోటలో నివసించి, కోస్తా ప్రాంతపు మొక్కలను శోధించి, వాని తెలుగు పేర్లనుకూడ వ్రాసికొని, తరువాత కలకత్తా తోటకు అధికారి యయ్యెను. ఆయన కేరీగారికి ప్రాణమిత్రుడు. కుంభి యను చెట్టును చేర్చుకొనిన జాతికి కేరియా యని మిత్రుని పేరు పెట్టెను. ఆ చెట్టు మన తూర్పు కనుమల అడవులలో నేటికిని పెరుగుచున్నది. రాక్స్‌బరో రోగియై 1813లో భారతదేశమును విడిచి, 1815లో మరణించెను. ఆయన శ్రమ వ్యర్థము కాకుండ కేరీగారు కలకత్తా తోటలోని మొక్కల పట్టికను 1814లోను, ఫ్లోరా ఇండికా యను మహాగ్రంథపు మొదటి సంపుటమును 1820లోను శ్రీరామపురమున అచ్చువేయించెను. 1832లో గ్రంథమంతయు మూడు సంపుటములుగా వెలువడెను. కేరీగారు తన దేశపు పువ్వును మాత్రమే ప్రేమించినవాడు కాడు. ఈ దేశపు మొక్కలకును పేరు నిలిపినవాడు.

1820లో ఆయన ప్రయత్నమున భారత వ్యవసాయ, ఉద్యాన సంఘము స్థాపింపబడెను. లండనులోని లినేయసు పేర వెలసిన విద్వత్సంఘము 1823లో ఆయనను సభ్యునిగా స్వీకరించెను. ఆ సంవత్సరమే అక్టోబరు మాసమున ఆయన పడవనుండి దిగునప్పుడు కాలుజారి పడి, తుంటికి దెబ్బ తగిలి మంచము పట్టెను. అదే సమయమున దామోదర నది పొంగి శ్రీరామపురమును ముంచెను. ఇరువది మూడేండ్లు పెంచిన తోట నీట మునిగి నాశమయ్యెను. ఆయనకు అప్పటికి అరువది రెండేండ్లు. ఆ వయసున కొందరు చేతులు ముడుచుకొని కూర్చుందురు. ఆయన నడువగలిగినంతనే మరల విత్తనములకై స్నేహితులకు వ్రాసి, మరల పాదులు త్రవ్వించెను.

అంత్యకాలమున తోటకు నడచి పోలేక, చక్రముల కుర్చీలో కూర్చుండి పోయెడివాడు. తాను పోయిన తరువాత తోటలోనికి పశువులను తోలుదురేమోయని దిగులుపడగా, మార్ష్‌మన్ ఆయన నిమిత్తము దానిని కాపాడుదునని మాట యిచ్చి ఊరడించెను. 1834వ సంవత్సరము జూను 9వ తేదీన కేరీగారు శ్రీరామపురముననే తుదిశ్వాస విడిచెను. భారతదేశమునకు వచ్చిన తరువాత స్వదేశమును ఆయన మరల చూడలేదు. చూచినదెల్ల నీడపట్టున మొలచిన ఆ చిన్న పువ్వును మాత్రమే.

ప్రియ విద్యార్థులారా, తలిదండ్రులారా! డెయిజీని పామిడిలో పెంచుడని నేను చెప్పుటలేదు. మన యెండ దానికి తగదు. కాని ఈ కథలోని ధర్మము మనదే. వేరుశనగ వేయు మన రైతు ఇంట కరవు వచ్చినప్పుడు తుదిపరీక్ష యేదియో మీకు తెలియును. ఇంట గింజలు నిండుకొని, పిల్లలు ఆకలిగొని యుండగా, మూలనున్న విత్తనపు కాయల మూటవైపు తల్లి కన్ను పోవును. దానిని విప్పినచో ఆ పూట గడచును. విప్పకున్నచో వచ్చు సంవత్సరము మిగులును. ఏది సరియని చెప్పుటకు ఆ స్థితిలో లేని మనము తగము. అయినను ఆ మూట విప్పకుండ ముందు సంవత్సరమును నమ్మిన తల్లులును తండ్రులును మన గ్రామములలో ఎందరో యుండిరి. వారి ఓర్పువలననే మన పొలములు నేటికిని పచ్చబడుచున్నవి. కేరీగారి పేరు గ్రంథములలో నున్నది. వారి పేర్లు ఎచ్చటను లేవు. ఆ తల్లిదండ్రులును ఆయన వంటివారే.

ఈ సంవత్సరము పాఠశాల తోటలో మిగిలిన ఆ యొక్క బంతిమొక్క పూచినది. పిల్లలు పువ్వును కోయుదుమా యని అడిగిరి. వలదనితిని. అది చెట్టుమీదనే ఎండినది. అందలి విత్తనములను ఒక పొట్లములో కట్టి, తేదీ వ్రాసి, తరగతి బీరువాలో దాచితిమి. వానలు వచ్చినప్పుడు ఆ పొట్లమును విప్పెదము. విత్తనములు తీసిన పిదప పొట్లపు దుమ్మునుకూడ నీడపట్టున మట్టిలో దులుపవలెనని పిల్లలకు చెప్పియున్నాను. ఎందుకో ఇప్పుడు వారికి తెలియును.